బైపీసీ పిల్లలకు కణాల ప్రయోగశాలలో చోటుంది

గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు పిల్లలు చాలామంది నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు కట్టే ఫీజు మిర్చి, పత్తి అమ్మగా వచ్చిన సొమ్మే. మూడోసారి కూడా కట్టేముందు సెల్ బయాలజీ గురించి ఒకసారి ఆలోచించండి.

ఆ పని ఎలా ఉంటుందో ఇంటర్‌ఫెరాన్‌తో చెబుతాను. వైరస్ సోకిన కణం చుట్టుపక్కల కణాలను అప్రమత్తం చేసేందుకు వదిలే ప్రొటీన్ ఇది. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనిపెట్టారు. ఇది కొన్ని క్యాన్సర్ కణాల మీదా పనిచేస్తుంది. లింఫోమా అంటే లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల క్యాన్సర్. బర్కిట్ లింఫోమా నుంచి తీసి పెంచుతున్న దౌదీ కణాలు ఇంటర్‌ఫెరాన్‌కు బాగా లొంగుతాయి. ఇంటర్‌ఫెరాన్ కణం పైనున్న రిసెప్టర్‌ను పట్టుకోగానే లోపల జాక్ ఎంజైములు స్టాట్ ప్రొటీన్లను పనిలోకి దింపుతాయి. అవి కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను కదిలిస్తాయి. విభజనను తరిమే సి-మిక్ జన్యువు జోరు తగ్గుతుంది. డీఎన్‌ఏ రెట్టింపయ్యే దశకు ముందే కణం ఆగిపోతుంది.

ఇది కంటికి కనబడేది ఫ్లాస్కులోనే. 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోంచి రోజూ ఓ చుక్క తీసి, ట్రిపాన్ బ్లూ కలిపి, గళ్ల గాజుపలక మీద లెక్కపెట్టాలి. చచ్చిన కణం నీలంగా, బతికినది తేటగా కనిపిస్తుంది. ఇంటర్‌ఫెరాన్ వేయని ఫ్లాస్కులో లెక్క పెరుగుతూ పోతుంది. వేసినదాంట్లో కణాలు బతికున్నా లెక్క దాదాపు కదలదు. చంపడం వేరు, ఆపడం వేరు అని అక్కడే తెలుస్తుంది.

మన పొలాలకూ ఈ చదువుతో పనుంది. పురుగుమందు మలాథియాన్‌ను 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకం కావచ్చన్న జాబితాలో చేర్చింది. అందుకు చూసిన జబ్బుల్లో నాన్‌హాడ్జ్‌కిన్ లింఫోమా ఒకటి.

నెల్లూరు జిల్లా వాసి వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ ఇంటర్‌ఫెరాన్‌ను ఇక్కడే తయారుచేసింది. అయితే రిటుక్సిమాబ్ లాంటి యాంటీబాడీలు వచ్చాక లింఫోమా చికిత్సలో దీని వాడకం తగ్గింది. కాబట్టి ఒక్క మందును నమ్ముకోకండి, పద్ధతి నేర్చుకోండి.

బీఎస్సీ బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, బీఫార్మసీ, ఏదైనా సరే. డిగ్రీతో ఆగితే జీతం తక్కువ. గ్యాట్-బీ, జామ్ ప్రవేశ పరీక్షలు రాసి ఎమ్మెస్సీకి, ఆపై సీఎస్ఐఆర్ నెట్‌కు వెళ్లండి. జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000 ఇస్తారు; సీసీఎంబీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి చోట్ల పీహెచ్‌డీకి అదే ఆసరా. కాలేజీలో చేరేముందు సీనియర్లను ఒక్కటి అడగండి: కణాలతో పనిచేసే క్యాబినెట్ ముందు విద్యార్థులు కూర్చుంటారా, ల్యాబ్ అసిస్టెంటే చేసి చూపిస్తాడా?