ప్లస్ టూ లెక్కలు సొంతంగా చదవాలంటే ఏ పుస్తకం?

మన డిపార్ట్‌మెంట్‌లో చాలామందిమి పదో తరగతితో లెక్కలకు నమస్కారం పెట్టి వచ్చినవాళ్ళమే. కొందరికి లెక్కలంటే భయం. కొందరికి భయమేమీ లేదు, సైన్సు ఉన్న కాలేజీ దూరమని ఇంట్లోవాళ్ళు ఆర్ట్స్‌లో చేర్పించారు. ఈ రెండో రకం వాళ్ళ కోసమే ఈ వ్యాసం. చెల్లెలికి ట్యూషన్ చెప్పాలన్నా, ఓపెన్ స్కూల్లో లెక్కలు తీసుకుని పరీక్ష రాయాలన్నా, ఊరికే తెలుసుకోవాలన్నా ముందొచ్చే ప్రశ్న ఒకటే. పక్కన మాస్టారు లేనప్పుడు ఏ పుస్తకం పట్టుకోవాలి?

తరగతిలో వాడే పుస్తకం వేరు, ఒంటరిగా చదివే పుస్తకం వేరు. తరగతి పుస్తకం రెండు మెట్లు దాటేసినా ఫరవాలేదు, మాస్టారు బోర్డు మీద పూరిస్తారు. ఒంటరిగా చదివేవాళ్ళకి ఆ రెండు మెట్లే గోడ అయిపోతాయి. రామానుజన్ ఉన్నాడు గదా అంటారు. 1903లో ఆయన చేతికొచ్చిన కార్ పుస్తకంలో సుమారు 5 వేల ఫలితాలు ఉన్నాయి, నిరూపణలు మాత్రం చాలా తక్కువ. లేనివన్నీ ఆయన తనే కట్టుకున్నాడు. మనం రామానుజన్‌లం కాదు కాబట్టి నిరూపణ ఉన్న పుస్తకమే కొనుక్కోవాలి.

కొనేముందు షాపులోనే నిలబడి చేయగల పరీక్ష ఒకటుంది. ప్రస్తారాలు, సంయోగాల అధ్యాయం తీసి 0 ఫాక్టోరియల్ విలువ 1 అని ఎలా చెప్పారో చూడండి. గైడైతే 'గుర్తుంచుకోండి' అని పెట్టెలో వేసి వదిలేస్తుంది. మంచి పుస్తకం కారణం చెబుతుంది. 5 ఫాక్టోరియల్ అంటే 5 సార్లు 4 ఫాక్టోరియల్, 4 ఫాక్టోరియల్ అంటే 4 సార్లు 3 ఫాక్టోరియల్. అలా దిగుతూ వస్తే 1 ఫాక్టోరియల్ అంటే 1 సారి 0 ఫాక్టోరియల్. అక్కడ 1 పెట్టకపోతే వరస తెగిపోతుంది. ఇంత చిన్న విషయం చెప్పే ఓపిక లేని పుస్తకం, పెద్ద విషయం దగ్గర ఓపిక పడుతుందా?

ఇంకాస్త గట్టి పరీక్ష అవధుల అధ్యాయంలో ఉంది. కోణం సున్నాకి దగ్గరవుతుంటే, దాని సైన్ విలువని ఆ కోణంతో భాగిస్తే వచ్చేది 1కి దగ్గరవుతుంది. ఇది కోణాన్ని రేడియన్లలో కొలిచినప్పుడే నిజం. క్యాలిక్యులేటర్‌ని డిగ్రీల్లో పెట్టి సైన్ 1 నొక్కండి, 0.01745 వస్తుంది. దాన్ని 1తో భాగించినా అంతే, 1కి దరిదాపుల్లో కూడా లేదు. రేడియన్ల సంగతి పుస్తకం చెప్పిందా? బొమ్మ వేసి వైశాల్యాలు పోల్చి నిరూపించిందా? ఎన్.సి.ఇ.ఆర్.టి. 11వ తరగతి పుస్తకం నిరూపించింది. ఇలాంటి చోట్లే అది నాకు నచ్చుతుంది.

ఇక దొరికే పుస్తకాల సంగతి. మన రాష్ట్రంలో ప్లస్ టూ సైన్సు వాళ్ళు చదివే ఎలిమెంట్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్, భువనేశ్వర్‌లోని రాష్ట్ర పాఠ్యపుస్తకాల బ్యూరో వేసింది. కౌన్సిల్ పరీక్షకి అది ఉండాలి, మొదటి పుస్తకంగా మాత్రం నేను చెప్పను. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాల్లో వెనక జవాబులుంటాయి, ఫోన్‌లోకి ఉచితంగా దించుకోవచ్చు. అంతగా ఎవరూ తలుచుకోనిది ఎన్.ఐ.ఓ.ఎస్. సీనియర్ సెకండరీ గణితం, కోడ్ 311. మాస్టారు లేకుండా చదివేవాళ్ళ కోసమే రాసిన పుస్తకం అది. కాస్త పాఠం చెప్పి అక్కడికక్కడే నాలుగు లెక్కలిచ్చి చేసుకు చూడమంటుంది. ఇదీ ఉచితమే. నన్నడిగితే దీనితో మొదలుపెట్టి, ఒక్కో అధ్యాయం అయ్యాక ఎన్.సి.ఇ.ఆర్.టి.లో అదే అధ్యాయం అభ్యాసాలు చేయమంటాను. ఒకేసారి మూడు పుస్తకాలు తెరిస్తే ఏదీ నడవదు.

అసలు చిక్కు భాషతో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఈ పుస్తకాలేమో ఇంగ్లీషు. పదో తరగతి దాకా మనం బీజగణిత, జ్యామితి అని రెండు పుస్తకాలు ఒడియాలో చదివాం. మంచి సంగతేమిటంటే త్రికోణమితి, సమీకరణం, సంభావ్యత లాంటి మాటలు ఒడియాకీ తెలుగుకీ దాదాపు ఒకటే, రెండూ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవే. హైదరాబాద్‌లో 1968లో పెట్టిన తెలుగు అకాడమీ వేసిన ఇంటర్ గణితం తెలుగు మాధ్యమం పుస్తకాలు పాతవి దొరికితే పక్కన ఉంచుకోండి. రాయగడ నుంచి విజయనగరం వెళ్ళే బండెక్కితే పార్వతీపురం, బొబ్బిలి దారిలోనే ఉన్నాయి, పాత పుస్తకాల కోసం అక్కడ వాకబు చేయొచ్చు. ఇంగ్లీషులో వాక్యం అర్థం కానప్పుడు అదే విషయాన్ని అవధి, అవకలనం, సమాకలనం అనే మాటల్లో చదివితే దారి దొరుకుతుంది. అవధి అంటే హద్దు అని మనకి చెప్పక్కర్లేదు గదా.

ఒక్క మాట దగ్గర జాగ్రత్త. తెలుగు గణితంలో ప్రమేయం అంటే ఫంక్షన్. హిందీ పుస్తకంలో ప్రమేయ అంటే సిద్ధాంతం, అంటే మనం ఒడియాలో ఉపపాద్య అని చదువుకున్నది. యూట్యూబ్‌లో హిందీ పాఠం వింటూ తెలుగు పుస్తకం చూసేవాళ్ళు ఇక్కడే తికమక పడతారు. ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గీసి తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మాటలు పక్కపక్కన రాసుకుంటే ఈ గొడవ సగం తీరుతుంది. తెలుగులో లెక్కలేమిటని నవ్వేవాళ్ళకి పావులూరి మల్లన పేరు చెప్పండి. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని సంస్కృతం నుంచి తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆయనే. మనం సాహిత్య చరిత్రలో ఒక పేరుగా గుర్తుపెట్టుకుని వదిలేస్తాం.

గైడ్లని నేను పూర్తిగా కాదనను. పరీక్షకి నెల ముందు పాత ప్రశ్నపత్రాల కోసం కొనొచ్చు. అంతకుముందు చేతిలో ఉంటే, లెక్క దగ్గర పది నిమిషాలు ఆగాల్సిన మనిషి పది సెకన్లకే పేజీ తిప్పేస్తుంది.

కొనేటప్పుడు ముద్రణ సంవత్సరం కూడా చూడండి. సిలబస్ తగ్గించాక వచ్చిన ఎన్.సి.ఇ.ఆర్.టి. 11వ తరగతి పుస్తకంలో 16 అధ్యాయాలు 14 అయ్యాయి. తీసేసిన రెండింటిలో గణితానుగమనం ఒకటి. ఎవరింట్లోనైనా అక్కలో అన్నలో చదివిన పాత ప్రతి ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి వేయకుండా ఆ అధ్యాయం కోసమైనా అడిగి తెచ్చుకోండి.