ఉత్తరం నుంచి ఒపేరా

సంభాషణలు కూడా పాటగా సాగే పాశ్చాత్య నాటకాన్ని ఒపేరా అంటారు. మన యక్షగానం దీనికి దగ్గరగా ఉంటుంది. సైనికుల ఉత్తరాలను ఒపేరాగా ఎలా మలచవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) పది లక్షలకు పైగా భారతీయులు విదేశాలలో పనిచేశారు. ఫ్రాన్సు నుంచి వారు రాసిన ఉత్తరాలను బ్రిటిషు అధికారులు తనిఖీ చేసేవారు. ఈ సంగతి సైనికులకు తెలుసు. అందుకే కొందరు సంకేతాలు వాడారు. నల్ల మిరియాలు అంటే భారతీయ సైనికులు. ఎర్ర మిరప అంటే తెల్ల సైనికులు. నల్ల మిరియాలు తరిగిపోతున్నాయంటే మనవాళ్ళు చనిపోతున్నారని అర్థం.

ఇటువంటి ఉత్తరాన్ని ఇద్దరు చదువుతారు. అధికారికి అందులో వంటసరుకు కనిపించాలి. ఇంట్లోవారికి మాత్రం చావు కబురు అందాలి. రంగస్థలంపై సైనికుడు అసలు విషయం విప్పి చెబితే ఆ ఉత్తరంలోని భయం పోతుంది. కాబట్టి సంకేతాల అర్థాన్ని ముందు రంగంలోనే ప్రేక్షకులకు తెలపాలి. తరువాత సైనికుడు మిరియాల గురించి మామూలుగా పాడతాడు. వాద్యాలు అతని భయాన్ని పలుకుతాయి.

అభ్యాసం: సైన్యంలో చేరవద్దని ఒక అన్న తన తమ్ముడికి చెప్పదలచాడు. అధికారికి అనుమానం రాకుండా నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి. ప్రతి వాక్యం పక్కన వాద్యాలు పలకవలసిన భావాన్ని రాయండి.