మోటారు సైకిలును మూడు చక్రముల సేద్యపు బండిగా మార్చుట

సభ్యులైన రైతు సోదరులలో కొందరు ఒక సంగతి యడుగుచున్నారు. పాత మోటారు సైకిలు వెనుక చక్రమును తీసివైచి, దాని స్థానమున రెండు చక్రముల ఇరుసును బిగించినచో, దానితో ప్రత్తి మిరప సాళ్లలో గుంటక తోలవచ్చునా? ఆ బండి మీదనే టిక్కీలను గుంటూరు యార్డునకు చేరవేయవచ్చునా? మొదటి దానికి అవునని చెప్పవచ్చును. రెండవ దానికి వలదనియే మా యభిప్రాయము. కారణములను సాధ్యమైనంత విపులముగా వివరింతుము.

ఈ పనికి పేరుపొందినవాడు గుజరాతు రాష్ట్రమున అమ్రేలీ జిల్లా మోటా దేవలియా గ్రామవాసి మన్సుఖ్‌భాయి జగానీ. ఆ సీమలో వానలు తప్పి, మేత కరవై, ఎడ్లను పోషించుట దుర్భరమయ్యెను. 1994లో ఆయన డీజిలు బుల్లెట్ మోటారు సైకిలునకు వెనుక రెండు చక్రములను, పనిముట్లు తగిలించు కడ్డీని అమర్చెను. దానిని అచ్చట బుల్లెట్ సాంతీ యందురు. అర్ధగంటలో ఎకరము పని చేయుననియు, అందులకు రెండు లీటర్ల డీజిలు పట్టుననియు నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషను వారు ప్రకటించిరి. దీనికి మనదేశమునందును అమెరికాయందును పేటెంటు లభించినది. అయితే ఆ డీజిలు బుల్లెట్లు ఇపుడు తయారగుట లేదు. పెట్రోలు బండిని మార్చదలచినవారు ఖర్చు లెక్క తమంతట తాము వేసికొనవలెను. లోతు దుక్కి దీని పని కాదు. కలుపు తీయుట, పైపాటు చేయుట దీని పని.

మన నల్లరేగడిలో మొదట చూడవలసినది సాళ్ల కొలత. ప్రత్తి సాళ్ల నడుమ నాలుగడుగుల యెడమున్నచో బండి మూడు చక్రములును ఒకే సందున నడచును. చక్రముల వెలుపలి కొలత మూడడుగులు మించకున్న చాలును. మిరప సాళ్లు రెండడుగుల యెడమున నున్నచో అట్లు కుదరదు. ముందు చక్రము నడిమి సందునను, వెనుక చక్రములు ఇరుప్రక్కల సందులలోను నడచునట్లు వాని నడుమ నాలుగడుగులు ఉంచవలెను. అపుడు ఇరుసు మొక్కల నెత్తిమీదుగా పోవును. మోటారు సైకిలు చక్రముతో ఇరుసు నేలకు సుమారొక అడుగు ఎత్తున నుండును గనుక మొక్క అడుగు దాటిన పిదప ఈ బండికి మిరప చేనిలో పని లేదు. ఈ సంగతి ఎరుగక చేయించుకొన్నవాడు బండిని కొట్టమున నిలుపుకొనును.

ఇక ఇరుసు. మన ఎద్దుబండిలో ఇరుసు కదలదు. చక్రములు రెండును దేనికది తిరుగును. అందువలన మలుపున వెలుపలి చక్రము ఎక్కువగాను, లోపలిది తక్కువగాను తిరిగి సర్దుకొనును. మార్చిన మోటారు సైకిలులో గొలుసు ఇరుసునే త్రిప్పును. చక్రములు రెండును దానికి బిగించియుండును. నాలుగడుగుల యెడముగల బండి పూర్తి వలయము తిరిగినచో వెలుపలి చక్రము ఇరువదియైదడుగులు ఎక్కువ పోవలెను. చేని గట్టున వెనుదిరుగునపుడు అందులో సగము. మెత్తని దుక్కిలో చక్రము జారి ఆ తేడా తీరిపోవును. గట్టి రోడ్డుపై జారలేక, బండి మలుపు తిరుగక నేరుగా త్రోయును, టైరు అరుగును, ఇరుసు మెలిపడును. దీనికి విరుగుడు డిఫరెన్షియల్. తొక్కుడు ట్రైసైకిలునకు దీనిని 1877లో ఇంగ్లండున జేమ్సు స్టార్లీ అమర్చెను. నేటి ఆటోలలో నున్నదియు ఆ సూత్రమే. పాత ఆటో డిఫరెన్షియల్ దొరికినచో దానినే వాడుట మేలు. ఒకే చక్రమునకు గొలుసు తగిలించు మేస్త్రీలును గలరు. అట్టి బండి ఎల్లప్పుడు ఒక ప్రక్కకు లాగును.

వేగమును తగ్గించుటయు అవసరము. వెనుక స్ప్రాకెట్టు పళ్లు రెట్టింపు చేసినచో వేగము సగమై లాగుడు రెట్టింపగును. కాని గాలికి చల్లబడు ఇంజను మెల్లగా నడచినపుడు గాలి చాలక కాగిపోవును. వేసవి మధ్యాహ్నమున నడుపుట ఇంజనుకును నడుపువానికిని మంచిది కాదు.

టిక్కీల మాటకు వత్తము. వంద సీసీ మోటారు సైకిలు ఇద్దరు మనుష్యులను మోయుటకు చేయబడినది. దాని బ్రేకులును అంతకే. నలువది కిలోల టిక్కీలు పది వేసినచో నాలుగు వందల కిలోలు. ఇరుసునకు వెనుక బరువెక్కినపుడు ఎద్దుబండి కాడి పైకి లేచుట ప్రతి రైతు ఎరిగినదే; ఇచ్చట లేచునది ముందు చక్రము, అనగా దారి త్రిప్పునదే నేల విడుచును. రెండు చక్రముల బండి మలుపున లోపలికి వ్రాలి నిలుచును. మూడు చక్రములది వ్రాలలేదు. వేగము రెట్టింపైనచో బోల్తా కొట్టించు బలము నాలుగింతలగును. ప్రత్తి బోరెములు ఎత్తుగా పేర్చి, వానిపై కూలీలను కూర్చుండబెట్టుట ఎట్టిదో వేరుగా వ్రాయనక్కరలేదు.

ఢిల్లీలో యుద్ధకాలపు హార్లీ బండ్లను ఇట్లే మార్చి జనులను చేరవేసిరి; 1998లో అవి రోడ్డు విడిచినవి. సౌరాష్ట్రమున ఛకడో యను బండి బుల్లెట్ నుండియే పుట్టెను. కాని ఇపుడు చట్టము వేరు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదనుచున్నది. 2019 సవరణ ప్రకారము ఒక్కొక్క మార్పునకు ఐదువేల రూపాయల జరిమానాయో, ఆరు నెలల వరకు కారాగారమో, రెండునో విధింపవచ్చును. అట్టి బండి రోడ్డుపై ప్రమాదమున చిక్కినచో బీమా సొమ్ము రాకపోవచ్చును. అప్పుడు నష్టపరిహారము రైతు పొలము మీద పడును. శారీరక వైకల్యము గల సభ్యుల కొరకు బండిని మార్చుటకు మాత్రము చట్టము దారి యిచ్చినది. వారు మార్పు చేయించిన పిదప రవాణా కార్యాలయమున ఆమోదము పొందవలెను.

చేనికే పరిమితముగా చేయించుకొనువారు సొమ్ము చెల్లించుటకు ముందు బండిని బీడు నేలపై పరీక్షింపుడు. బరువు లేకుండ, నడక వేగమున, కుడికొకసారి ఎడమకొకసారి పూర్తి వలయము త్రిప్పి, దిగి చక్రముల జాడలు చూడుడు. ఏ చక్రము ఈడ్చుకొనిపోయినదో నేలయే చూపును. మోటారు సైకిలునకు వెనుక నడక గేరు లేదు గనుక గట్టున ఎంత చోటు విడువవలెనో అప్పుడే తెలియును. గుంటకను తరువాత తగిలింపవచ్చును.