రెక్కలకు ఆసరా

హైదరాబాదు నగరానికి ఉత్తరాన, నాగపూరు రహదారిపై మేడ్చల్, కరీంనగర్ రహదారిపై శామీర్‌పేట ఉన్నాయి. మేడ్చల్‌కు పడమర దిశలో దుండిగల్ వైమానిక దళ అకాడమీ, శామీర్‌పేట నుంచి నగరానికి వచ్చే దారిలో హకీంపేట వైమానిక కేంద్రం కనిపిస్తాయి. దుండిగల్ అకాడమీకి 1967లో నాటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. 1971 నుంచి అక్కడ శిక్షణ సాగుతున్నది. ఈ ప్రాంతంలో పొలం పనులు చేసుకొనే పెద్దలు విమానపు మోత విని తల ఎత్తరు. పిల్లలు మాత్రం ఎత్తుతారు.

అలా తల ఎత్తిన పిల్లలందరూ పైలట్లు కాలేరు. కొందరు తమ కోరికను చేతి పనిలో తీర్చుకొంటారు. తేలికైన బల్సా కర్ర, పలుచని ప్లైవుడ్, థర్మోకోల్ పలకలు తెచ్చి, కోసి, అతికించి నమూనా విమానాలు చేస్తారు. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన విద్యార్థులకు ఈ విద్య పరిచయమే. దీనిలో అన్నింటికన్నా కష్టమైన శాఖ పాతకాలపు విమానాలకు ప్రతికృతులు నిర్మించడం. అంటే ఒకనాడు నిజంగా ఎగిరిన విమానాన్ని, ఆకారంలోను, రంగులోను, వీలైతే ఎగిరే తీరులోను మళ్ళీ సృష్టించడం.

ఉదాహరణకు హెచ్.టి.-2 విమానాన్ని తీసుకొందాం. భారతదేశంలో రూపకల్పన జరిగి, 1951లో బెంగుళూరులో మొదటిసారి ఎగిరిన శిక్షణ విమానమిది. దాని రూపశిల్పి వి.ఎం. ఘాట్గే. దాని రెక్కల నిడివి సుమారు 35 అడుగులు, ప్రయాణానికి సిద్ధమైనప్పటి బరువు సుమారు 1000 కిలోలు. ఒక నిర్మాత దీనిని ఐదో వంతు పరిమాణంలో చేయదలచాడనుకొందాం. రెక్కల నిడివి 7 అడుగులవుతుంది. రెక్కల వైశాల్యం ఐదో వంతు కాదు, 25వ వంతుకు తగ్గుతుంది. బరువు 125వ వంతుకు, అంటే 8 కిలోలకు తగ్గాలి. లెక్క ఇంతవరకు బాగానే ఉన్నది. అయితే గాలి చిన్న రెక్కను, పెద్ద రెక్కను ఒకే తీరుగా మోయదు. అచ్చంగా అసలు కొలతలతోనే చేసిన చిన్న విమానం గాలిలో నిలకడ తప్పవచ్చు. అందువల్ల అనుభవజ్ఞులు తోక భాగాన్ని కొద్దిగా పెంచుతారు, రెక్క వంపును కొద్దిగా మారుస్తారు. ముక్కు పొట్టిగా ఉండే మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాలకైతే ముక్కులో సీసపు ముక్కలు దాచి, గురుత్వ కేంద్రాన్ని సరిచేస్తారు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నెలల తరబడి రాత్రులు మేలుకొని చేసిన విమానాన్ని నిర్మాత నలుగురి ముందు పెడతాడు. చూసినవారిలో ఒకరు తోక పెద్దదైందంటారు. మరొకరు రంగు అసలుకు సరిపోలేదంటారు. ఇంకొకరు మేకుల వరుసలు లెక్కపెడతారు. కోడిగుడ్డుపై ఈకలు పీకడమంటే ఇదే. ఈ మాటలలో కొన్ని నిజాలే కావచ్చు. కాని వాటిని అన్న తీరుకు నొచ్చుకొని నిర్మాత ఆ విమానాన్ని అటకెక్కిస్తే, ఆ నిజాల వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. ఎగరని విమానపు తోక సరియైనదో కాదో తేల్చేవారెవరు?

విమాన చరిత్ర తొలి పుటలలోనే ఈ సమస్య కనిపిస్తుంది. 1901 వేసవిలో రైట్ సోదరులు కిటీహాక్ ఇసుక దిబ్బలపై తమ రెండో గ్లైడరును పరీక్షించారు. లెక్కల ప్రకారం రావలసిన ఎత్తుడు బలంలో మూడో వంతు మాత్రమే వచ్చింది. వారిని అక్కడ విమర్శించినవారు మనుషులు కారు, గాలే. అంతకన్నా కఠినమైన విమర్శ లేదు. తమ జీవితకాలంలో మనిషి ఎగరలేడని ఇంటికి తిరిగివస్తూ విల్బర్ అన్నాడని ఆర్విల్ తరువాత చెప్పాడు. అప్పుడు వారికి అండగా నిలిచినవాడు ఆక్టేవ్ షనూట్. ఆయన వంతెనలు, రైలుమార్గాలు నిర్మించిన ఇంజనీరు, అప్పటికి డెబ్బైకి దగ్గరపడినవాడు. ఎగిరే యంత్రాలపై ఎవరెక్కడ ప్రయోగం చేసినా వారికి ఉత్తరాలు వ్రాసి, ఒకరి అనుభవాన్ని మరొకరికి చేరవేసేవాడు. ఆ వేసవిలో తానే కిటీహాక్ వచ్చి చూసి, ఈ ఫలితాలు ఇంతవరకు ఎవరూ సాధించనివని సోదరులకు చెప్పాడు. అంతటితో ఊరుకోక, చికాగోలోని ఇంజనీర్ల సంఘంలో ప్రసంగించవలసిందిగా విల్బర్‌ను ఆహ్వానించాడు. విల్బర్ వెనుకాడితే, వెళ్ళి తీరాలని చెల్లెలు కాథరిన్ పట్టుబట్టింది. సెప్టెంబరు 18న ఆయన ప్రసంగించాడు. ఆ తరువాత కొద్ది వారాలలోనే సోదరులు గాలి సొరంగం ఒకటి తయారుచేసుకొని, దాదాపు 200 రకాల చిన్న రెక్కలను అందులో పరీక్షించారు. అంతవరకు అందరూ నమ్ముతున్న లెక్కలను తామే సరిచేసుకొన్నారు. షనూట్ వారి తప్పులను దాచలేదు, పొగడ్తలతో ముంచెత్తలేదు. ఇలా చేసినవారెవరూ లేరని మాత్రం తెలియజెప్పాడు.

శామ్యూల్ లాంగ్లీకి ఇంతటి అదృష్టం దక్కలేదు. ఆయన వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు కార్యదర్శి. 1896లో ఆయన చేసిన మనిషి లేని నమూనా విమానం పొటోమాక్ నదిపై అర మైలుకు పైగా ఎగిరింది. మనిషిని మోసే పెద్ద విమానం మాత్రం 1903 అక్టోబరు 7న ఒకసారి, డిసెంబరు 8న మరొకసారి నదిలో కూలింది. మనిషి ఎగరడానికి పది లక్షల నుంచి కోటి సంవత్సరాలు పట్టవచ్చునని మొదటి ప్రమాదం తరువాత న్యూయార్క్ టైమ్స్ ఎగతాళి చేసింది. చట్టసభలోను పరిహాసాలు వినిపించాయి. రెండో ప్రమాదం జరిగిన తొమ్మిది రోజులకే రైట్ సోదరులు ఎగిరారు. 1906లో లాంగ్లీ కన్నుమూశాడు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ వంటి స్నేహితులు ఆయనను వదలలేదు గాని, నవ్విన నోళ్ళ ముందు ఆ కొద్దిమంది గొంతు వినబడలేదు.

విమర్శే వద్దనడం కూడా సరికాదు. 1914లో గ్లెన్ కర్టిస్ లాంగ్లీ విమానాన్ని బాగుచేసి ఎగిరించాడు. అయితే రెక్కలలోను, వాటి ఆధారాలలోను చాలా మార్పులు చేశాడు. ఆ మార్పుల సంగతి సరిగా చెప్పకుండా, మనిషిని మోయగలిగిన తొలి విమానం అదేనని స్మిత్‌సోనియన్ ప్రకటించింది. ఆర్విల్ రైట్ దీనిపై పట్టు విడవలేదు. 1928లో తమ విమానాన్ని లండన్ మ్యూజియానికి పంపివేశాడు. 1942లో స్మిత్‌సోనియన్ తన తప్పును ఒప్పుకొన్న తరువాతనే, 1948లో ఆ విమానం స్వదేశానికి తిరిగి వచ్చింది. ప్రతికృతి నిర్మాత మార్పు చేయవచ్చు. చేసిన మార్పును దాచకూడదు. ఆర్విల్ విమర్శ దాచినదానిపై వచ్చింది, చేసినదానిపై కాదు.

రైట్ సోదరుల విమానానికి వందేళ్ళు నిండిన సందర్భంలో కెన్ హైడ్ అనే విశ్రాంత పైలట్ తన బృందంతో దానికి ప్రతికృతి నిర్మించాడు. సోదరులు పూర్తి చిత్రపటాలు మిగిల్చి వెళ్ళలేదు. మిగిలిన విడిభాగాలు, పాత ఛాయాచిత్రాలు, ఉత్తరాలు చూసి కర్రనూ, గుడ్డనూ, ఇంజనునూ తిరిగి రూపొందించారు. సొంతంగా విమానాలు చేసుకొనే అమెరికా అభిరుచిపరుల సంఘం, 1953లో పాల్ పొబరెజ్నీ స్థాపించినది, ఈ పనికి వెన్నుదన్నుగా నిలిచింది. 2003 నవంబరులో పరీక్షగా ఎగిరినప్పుడు ఆ విమానం సుమారు వంద అడుగులు సాగింది. డిసెంబరు 17న మాత్రం వేలాది జనం చూస్తుండగా, వాన కురిసి, గాలి చాలక, పట్టా చివర ముక్కు పైకెత్తి నీటిగుంటలో చతికిలబడింది. ఉత్సవం విఫలమైందని వార్తలు వచ్చాయి. విమానాలు చేసేవారు మాత్రం ఆ రోజును మరొక విధంగా అర్థం చేసుకొన్నారు. 1903లో ఆ విమానం లేచింది గంటకు 20 మైళ్ళకు మించి వీచిన ఎదురుగాలిలో. అంతటి గాలి లేకపోతే అది లేవదు. అంటే ప్రతికృతి అసలుకు ద్రోహం చేయలేదు. అసలు ఎంత సన్నని అంచు మీద ఎగిరిందో చూపింది.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు అభిరుచిపరులకు మరొక బాధ్యత కూడా ఉన్నది. 25 కిలోలకు మించని నమూనా విమానాలను కనుచూపు మేరలోనే నడపాలని 2021 నాటి డ్రోన్ నియమాలు చెబుతున్నాయి. వైమానిక స్థావరాల చుట్టూ ఆంక్షలుంటాయి. దుండిగల్, హకీంపేటల నడుమ ఎక్కడపడితే అక్కడ ఎగరేస్తే అది అభిరుచి కాదు, అపాయం. అనుమతి ఉన్న మైదానం ఏదో కొత్తవారికి చూపించడంతోనే తోటివారి సహాయం మొదలవుతుంది.

అక్కడ తోకను ఒకరు పట్టుకొంటే, ఇంజను మరొకరు చూస్తారు. గురుత్వ కేంద్రాన్ని రెండు వేళ్ళపై విమానాన్ని నిలిపి పరీక్షిస్తారు. తప్పు కనిపిస్తే పదిమందిలో కాకుండా పక్కకు పిలిచి చెబుతారు. సరిచేసే జిగురూ తామే తెస్తారు. తొలిసారి ఎగిరేటప్పుడు నిర్మాత చేతిలో ఒక రిమోటు, అనుభవజ్ఞుని చేతిలో మరొకటి ఉంటాయి. రెండింటినీ కలిపి ఉంచుతారు. విమానం అదుపు తప్పబోతే రెండో చేయి క్షణంలో అందుకొంటుంది, నిలదొక్కుకొన్నాక మళ్ళీ మొదటి చేతికి వదిలేస్తుంది. హెచ్.టి.-2లోనూ ఇదే ఏర్పాటు. అందులో ఒకరి వెనుక ఒకరుగా రెండు ఆసనాలు, రెండింటికీ నియంత్రణ పరికరాలు ఉండేవి. ఒకటి విద్యార్థికి, మరొకటి గురువుకు.