మన కండరములు: నిర్మాణము, పని, సంరక్షణ

మానవుడు చేయు ప్రతి పనికిని కండరములే ఆధారము. మెట్టెక్కుట, వల లాగుట, ముద్ద మ్రింగుట, గాలి పీల్చుట, తుదకు కనురెప్ప వేయుట కూడ కండరముల చలనము వలననే జరుగుచున్నవి. పెద్దవారి శరీరపు బరువులో సుమారు 40 శాతము ఎముకల నంటియుండు కండరములదే. వీని నిర్మాణమును, పనిని తెలిసికొన్నవారు శ్రమ వలన కలుగు నొప్పికిని, వ్యాధి వలన కలుగు నొప్పికిని గల భేదమును గుర్తింపగలరు. అండమాను దీవులలో నివసించువారికి ఈ భేదము తెలిసియుండుట ప్రాణరక్షణకు అవసరము.

మూడు విధముల కండరములు

మన దేహమునందు మూడు విధముల కండరములు గలవు.

మొదటివి ఎముకల నంటియుండు కండరములు. ఇవి 600కు పైగా నున్నవి. సూక్ష్మదర్శినిలో చూచినచో వీనిపై అడ్డచారలు కనబడును. ఇవి మన ఇచ్ఛకు లోబడి పనిచేయును.

రెండవవి చారలు లేని నునుపు కండరములు. జీర్ణకోశము, ప్రేవులు, రక్తనాళములు, గర్భాశయము మొదలగువాని గోడలలో ఇవి యుండును. మనము తలచినను తలపకున్నను వీని పని సాగుచునే యుండును.

మూడవది హృదయ కండరము. దీనికి చారలున్నను ఇది మన ఇచ్ఛకు లోబడదు. నిమిషమునకు సుమారు 72 మార్లు, దినమునకు లక్ష మార్లకు పైగా ముడుచుకొనుచు, ప్రతి రెండు ముడుతల నడుమ క్షణకాలము మాత్రమే విశ్రమించును.

పిక్క కండరము – ఒక ఉదాహరణము

శ్రీ విజయపురము (2024 వరకు దీని పేరు పోర్ట్ బ్లెయిర్) ఎత్తుపల్లములు గల పట్టణము. విమానాశ్రయమునకు చేరువనున్న లంబాలైన్ నుండి పనిపాటలకు కాలినడకను బోవువారికి ఎక్కువగా శ్రమపడునవి పిక్కలు. కావున పిక్కనే ఉదాహరణముగా గైకొందము.

పిక్కలో రెండు పెద్ద కండరములు ఒకదానిపై నొకటి యుండును. ఇవి క్రిందివైపున ఒకే బలమైన స్నాయువుగా కలిసి మడమ ఎముక నంటుకొనును. ఇవి ముడుచుకొన్నపుడు మడమ పైకి లేచును. మనము అడుగు వేయగలుగుదుము. కండరము లాగగలదే కాని త్రోయజాలదు. అందుచేత పాదమును తిరిగి పైకి వంచుటకు మోకాలి క్రింద ముందువైపున వేరొక కండరము గలదు. దేహమునందలి కండరములలో పెక్కు ఇట్లు జతలుగా పనిచేయును.

పిక్క మరియొక ఉపకారము కూడ చేయును. అది ముడుచుకొనునపుడెల్ల నడుమనున్న సిరలను నొక్కి రక్తమును గుండె వైపునకు పంపును. గంటల తరబడి కదలక నిలుచువారి కాళ్ళు వాచుటకు ఈ పని తగ్గుట యొక కారణము.

కండరము లోపలి ఏర్పాటు

కండరమును విప్పి చూచినచో అది కట్టలుగా నుండును. ఒక్కొక్క కట్టలో వెండ్రుక వలె సన్నని పోగులెన్నియో గలవు. ప్రతి పోగును ఒక జీవకణమే. దాని లోపల మరింత సన్నని తంతువులుండును. ఈ తంతువులలో మయోసిన్ అను దళసరి దారములును, ఆక్టిన్ అను పలుచని దారములును వరుసలు తీరియున్నవి.

రెండు చేతుల వ్రేళ్ళను ఒకదాని సందున నొకటి కొంతవరకు జొనిపి, పిమ్మట చేతులను దగ్గరకు జరిపి చూడుడు. వ్రేళ్ళ పొడవు మారలేదు. చేతుల మధ్య దూరము తగ్గినది. కండరము ముడుచుకొనుటయు నిట్టిదే. ఈ విషయమును 1954లో ఇద్దరు హక్స్‌లీలు తమ సహచరులతో కూడి వేర్వేరుగా వెల్లడించిరి. నాడి నుండి ఆజ్ఞ రాగానే పోగులో కాల్షియము విడుదలయగును. దానితో దారములు ఒకదానిపై నొకటి జారును.

శక్తి యెక్కడిది?

ఈ జారుటకు కావలసిన శక్తి విషయమున తెలుగువారు గర్వింపదగిన చరిత్ర గలదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసి, 1927లో కండరమునందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఎ.టి.పి. అను పదార్థమును ప్రకటించిరి. ఆ సంవత్సరమే జర్మనీలో లోమన్ కూడ ఎ.టి.పి.ని కనుగొనెను.

ఎ.టి.పి. కండరమునకు చేతి ఖర్చు డబ్బు వంటిది. తీవ్రమైన పనిలో ఇది కొద్ది క్షణములకే చాలును. ఫాస్ఫోక్రియాటిన్ దానిని వెంటనే తిరిగి నింపును. ఆపైన ఆహారము నుండి వచ్చు చక్కెరయు క్రొవ్వును, ఊపిరితో వచ్చు ప్రాణవాయువును ఆ నిధిని పూరించుచుండును.

అలసట నొప్పి, వ్యాధి నొప్పి

అలవాటులేని పని చేసిన మరునాడు కండరములు నొచ్చుట సహజము. ఇది రెండు మూడు దినములు హెచ్చి, వారములోపల తగ్గును. దీనితో జ్వరము రాదు.

జ్వరముతో కూడిన పిక్కనొప్పి సంగతి వేరు. ఎలుకజ్వరము అని పిలువబడు లెప్టోస్పైరోసిస్ వ్యాధియందు పిక్కలు, నడుము మిక్కిలి నొచ్చును. పిక్కను నొక్కినచో రోగి ఓర్వజాలడు. దీనితో తలనొప్పియు, కన్నులు ఎఱ్ఱబారుటయు నుండును. ఎలుకలు, పశువులు, పందులు, కుక్కలు మొదలగువాని మూత్రముతో కలుషితమైన నీటిలో, బురదలో ఈ సూక్ష్మజీవి యుండి, కాలి పగుళ్ళ ద్వారమున, గాయముల ద్వారమున దేహమున ప్రవేశించును.

ఈ వ్యాధి అండమానులకు క్రొత్తది కాదు. దీనిని గూర్చి టేలర్, గోయల్ అను వైద్యులు 1931లోనే గ్రంథము ప్రకటించిరి. 1980 దశాబ్దపు చివర నుండి ఉత్తర అండమానున ప్రబలి, ఊపిరితిత్తులనుండి రక్తము పడునట్లు చేసిన జ్వరము లెప్టోస్పైరోసిస్ అని 1990 దశాబ్దమున నిర్ధారణయైనది. భారత వైద్య పరిశోధన మండలి 1983లో పోర్ట్ బ్లెయిర్‌లో స్థాపించిన కేంద్రము ఈ వ్యాధిపై విశేషముగా పరిశోధన చేసినది.

పోగులు దెబ్బతిన్నపుడు వానిలోని పదార్థములు రక్తమున కలియును. ఫాస్ఫోక్రియాటిన్ నుండి ఎ.టి.పి.ని తయారుచేయు క్రియాటిన్ కైనేజ్ అను ఎంజైము రక్తమున హెచ్చుటను పరీక్షలో కనుగొనవచ్చును. దెబ్బ తీవ్రమైనచో మూత్రము నల్లటీ రంగున మారి, మూత్రపిండములు చెడు ప్రమాదము గలదు. ఎముకల నంటిన కండరము కొంతవరకు తిరిగి పెరుగగలదు. చెడిన మూత్రపిండము, రక్తము కారు ఊపిరితిత్తి ప్రాణమునే తీయవచ్చును.

పాటింపవలసిన నియమములు

1. పొలములో, పోకతోటలో, వాననీటిలో పనిచేయునపుడు మోకాలివరకు వచ్చు బూట్లు ధరింపవలెను. కాలి గాయములను నీరు చొరకుండ కప్పవలెను.

2. పని ముగిసిన వెంటనే శుభ్రమైన నీటితో, సబ్బుతో కాళ్ళు కడుగుకొనవలెను.

3. జ్వరముతో పిక్కలు నొచ్చినచో నూనె మర్దనతో కాలము గడుపక, ఆ దినమే ఆరోగ్య కేంద్రమునకో, జి.బి. పంత్ ఆసుపత్రికో పోవలెను. నీటిలోనో బురదలోనో పనిచేసిన సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. తొలి దినములలో తగిన మందు పడినచో ఈ వ్యాధి చాలవరకు నయమగును.

4. వైద్యుని అడుగక నొప్పి మాత్రలు మ్రింగరాదు. వానిలో కొన్ని మూత్రపిండములకు కీడు చేయును. కొన్ని రక్తస్రావమును హెచ్చించును.

5. మూత్రము నల్లబడినను, తగ్గినను, కన్నులు పచ్చబడినను, దగ్గులో రక్తము పడినను క్షణమైన ఆలస్యము చేయరాదు.

6. ఆరోగ్యవంతులు దినదినము నడచుచు, పప్పు, చేపలు, గ్రుడ్లు, పాలు తగినంత తీసికొనవలెను. వయస్సు మీరినకొలది కండరము తరుగును. వ్యాయామము ఆ తరుగుదలను మందగింపజేయును.