కనుబొమలు దిద్దుకుందాం

మన శేరిలింగంపల్లిలో బ్యూటీ పార్లర్లు చాలా ఉన్నాయి. కొందరు మాత్రం ఇంట్లోనే దారంతో ఒకరికొకరు కనుబొమలు దిద్దుకుంటారు. ఎక్కడైనా సరే, ఒకే దారం ఇద్దరికి వాడరాదు. ఎందుకు?

దారం వెంట్రుకను లాగుతుంది. ఒక్కోసారి చర్మం తెగుతుంది. కంటికి కనపడనంత రక్తం దారానికి అంటుతుంది. ఆ రక్తం వల్ల హెపటైటిస్ బి అనే కాలేయం జబ్బు ఇంకొకరికి రావచ్చు. దాని క్రిమి ఒంటి బయట కూడా 7 రోజులు బతుకుతుంది. ఈ జబ్బు రాకుండా టీకా ఉంది.

ఇట్లా చేయండి:

1. చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోండి.
2. ప్రతి ఒక్కరికీ కొత్త దారం తీయండి. పని కాగానే పారేయండి.
3. దారాన్ని పంటితో పట్టకండి. మెడకు వేసుకోండి.
4. దిద్దించుకునేవాళ్లు రెప్ప మీది చర్మాన్ని బిగించి పట్టుకోవాలి.
5. కనుబొమ కింది వెంట్రుకలే తీయండి. పుట్టుమచ్చ, పులిపిరి, పొక్కు జోలికి పోకండి.
6. మంటగా ఉంటే చన్నీళ్ల గుడ్డ అద్దండి.

మరీ సన్నగా చేయకండి. నుదుటి చెమట కంట్లో పడకుండా కనుబొమలే ఆపుతాయి.

పార్లర్‌కు పోతే సిగ్గుపడకండి. "అక్కా, కొత్త దారం తీయవా" అని అడగండి.

జవాబులు చెప్పండి:

1. ఒకే దారం ఇద్దరికి ఎందుకు వాడరాదు?
2. కనుబొమలు కంటికి ఏం మేలు చేస్తాయి?