వైద్యునితో చెప్పవలసిన మాట

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలలో రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ అంకెలు ఇంటిల్లిపాదికీ కంఠస్థమే. దాంపత్య జీవితంలోని ఇబ్బందిని మాత్రం ఫ్యామిలీ డాక్టరుకు సైతం చెప్పము. ఈ మౌనం ఎంత ప్రమాదకరమో రసాయనశాస్త్ర దృష్టితో పరిశీలిద్దాం.

పురుషులలో అంగస్తంభనకు మూలం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. ఒక నత్రజని పరమాణువు, ఒక ఆమ్లజని పరమాణువు కలిసిన ఈ చిన్న అణువు నాడుల చివరల నుండి, రక్తనాళాల లోపొర నుండి వెలువడుతుంది. దాని ప్రేరణతో సైక్లిక్ జి.ఎం.పి. అనే పదార్థం తయారై, నాళాల కండరాలు సడలి, రక్తం నిండుతుంది. రక్తనాళాలపై ఈ వాయువు ప్రభావాన్ని వెల్లడించినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

మధుమేహం, అధిక రక్తపోటు, పొగత్రాగడం ఆ లోపొరను దెబ్బతీస్తాయి. జననాంగ ధమనుల వ్యాసం సుమారు 1–2 మిల్లీమీటర్లు. గుండె ధమనులది 3–4. సన్నని నాళాలలో లోపం ముందుగా బయటపడుతుంది. అందుచేత స్తంభనలోపం కొందరిలో గుండెజబ్బుకు కొన్ని సంవత్సరాల ముందే కనిపించే హెచ్చరిక.

1998లోనే అమెరికాలో అనుమతి పొందిన వయాగ్రా, సైక్లిక్ జి.ఎం.పి. త్వరగా విచ్ఛిన్నం కాకుండా అడ్డుకుంటుంది. గుండెనొప్పికి వాడే నైట్రోగ్లిసరిన్ శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావాన్ని పెంచుతుంది. రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణాపాయకరంగా పడిపోగలదు. కనుక స్నేహితులిచ్చిన మాత్రను గుట్టుగా వాడరాదు. వాడినవారు ఛాతీనొప్పితో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ సంగతి తప్పక చెప్పాలి.

ఈ సంభాషణకు వైద్యులు, నర్సులు అనుసరించే పద్ధతి ఒకటున్నది. 1976లో జాక్ ఆనన్ అనే మనస్తత్వవేత్త దీనిని నాలుగు మెట్లుగా విభజించాడు: మాట్లాడేందుకు అనుమతి, పరిమిత సమాచారం, నిర్దిష్టమైన సూచనలు, నిపుణుల చికిత్స. “మధుమేహం ఉన్నవారిలో చాలామందికి ఈ ఇబ్బంది కలుగుతుంది, మీకేమైనా ఉన్నదా?” అని నర్సు అడగడమే మొదటి మెట్టు. అది ఆరా తీయడం కాదు. మీకు ఇచ్చిన అవకాశం. ముట్లుడిగిన స్త్రీలకు కలిగే పొడిదనం, నొప్పి కూడా చికిత్సకు లొంగేవే. కనుక వారు కూడా సంకోచించనక్కరలేదు.

చివరగా ఒక మనవి. ఇంగ్లీషు రాని పెద్దల వెంట పిల్లలను దుభాషిగా కూర్చోబెట్టకండి. బిడ్డ ఎదుట ఏ తల్లీ, ఏ తండ్రీ ఈ మాట చెప్పలేరు. ఆసుపత్రివారినే తెలుగు దుభాషిని ఏర్పాటు చేయమని ముందుగా కోరండి.